తొమ్మిదో కాలు

అమెరికాలోని మోరిస్‌విల్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కంప్యూటర్ మొరాయిస్తే మొదట ఫోను వెళ్ళేది కృష్ణకుమారికి. ఆ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కరువా అని ఎవరైనా అడగొచ్చు. కరువేమీ లేదు, ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా ఇద్దరు తగులుతారు. బ్యాంకులు నడిచే ప్రోగ్రాములు రాస్తారు, విమానాల టైములు లెక్కకట్టే ప్రోగ్రాములు రాస్తారు. ఇంట్లో ఉన్న పెట్టె పక్క రేకు విప్పమంటే మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంటారు. మెమరీ ఎక్కడుందో చూపించమంటే మౌస్ పట్టుకుంటారు.

కృష్ణకుమారి వాళ్ళలా కాదు. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, రాజమండ్రిలో రాజారావు అనే ఆయన సర్వీస్ సెంటర్లో ఆరేళ్ళు పనిచేసింది. రోజుకి పది పెట్టెలు విప్పి బిగించిన చెయ్యి. ముప్పయ్యేళ్ళు వచ్చాక పెళ్ళయింది, రెండువేల మూడులో భర్త ఆంజనేయప్రసాద్ వెంట అమెరికా వచ్చింది. ఆయనది హెచ్-వన్ వీసా, ఆవిడది ఆయన మీద ఆధారపడిన వీసా. దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు. చేతిలో పని ఉన్న మనిషికి ఆ కాగితం ఎంత ఒళ్ళుమంట తెప్పిస్తుందో ఆవిడ ఎవరితోనూ అనేది కాదు. ఎవరు పిలిచినా మాత్రం స్క్రూడ్రైవర్ల డబ్బా పట్టుకుని బయల్దేరేది. డబ్బు తీసుకునేది కాదు, తీసుకోకూడదు కూడా. కరివేపాకు మొక్కలు, గోంగూర కట్టలు, షాపుకి కార్లో దింపడాలు, ఇలా ఏదో ఒకటి ముట్టేది. వాటికంటే ఆవిడకి కావాల్సింది ఇంకొకటి ఉండేది. పెట్టె ముందు ఆవిడ కూచుంటే చుట్టూ నలుగురు ఇంజనీర్లు చేతులు కట్టుకు నిలబడి, ఏమైంది అక్కా అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసం ఆవిడ వారమంతా ఎదురుచూసేది.

రెండువేల ఎనిమిది దసరా వారంలో ఫోను చేసింది భానుప్రకాష్. హనుమకొండ వాడు, ఒక బీమా కంపెనీలో పని. ఇంట్లో భార్య స్రవంతి, ఆరు నెలల కోసం వచ్చిన తల్లి రాజేశ్వరమ్మ. కంప్యూటర్ అసలు ఆన్ కావడం లేదన్నాడు. కృష్ణకుమారి వెళ్ళి రేకు విప్పి చూసేసరికి మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు నాలుగు పైకి ఉబ్బి ఉన్నాయి. ఆ కాలంలో అది కొత్త జబ్బేమీ కాదు. బోర్డు మార్చాలి, ప్రాసెసర్ అదే సరిపోతుంది, హార్డ్ డిస్క్‌కి ఏమీ కాలేదు అని చెప్పింది. మూడు రోజుల్లో భానుప్రకాష్ కొత్త బోర్డు తెప్పించాడు. శనివారం మధ్యాహ్నం బిగించడానికి రమ్మన్నాడు, భోజనానికి కూడా రమ్మన్నాడు.

ఆ కంప్యూటర్ మీద అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది రాజేశ్వరమ్మ. ఆవిడ వచ్చిన కొత్తలో కృష్ణకుమారే ఆ ఇంట్లో తెలుగు అక్షరాలు కనపడేలా చేసి, మౌస్ ఎలా పట్టుకోవాలో నేర్పింది. రెండు వారాలు తిప్పలు పడి ఆవిడ తనంతట తాను వరంగల్ జిల్లా పేపరు తెరవడం నేర్చుకుంది. పొద్దున కొడుకూ కోడలూ ఆఫీసులకి వెళ్ళాక, ఊళ్ళో నీళ్ళు ఎప్పుడొచ్చాయో, ఎవరు పోయారో అన్నీ చదువుకునేది. ఆ ఇంట్లో ఆవిడ చెయ్యి పెట్టగలిగే వస్తువు అదొక్కటే. అంతకుముందు ఒకసారి కర్పూరం వెలిగిస్తే పొగకి అలారం మోగి, కాంప్లెక్స్ అంతా ఖాళీ చేయించి, ఫైరింజన్ వచ్చింది. ఆ రోజు నుంచి భానుప్రకాష్ ముట్టుకోకూడని వస్తువుల చిట్టా ఒకటి తయారుచేశాడు. అది వారం వారం పెరుగుతూ వచ్చింది.

శనివారం కృష్ణకుమారి వెళ్ళి, పాత బోర్డు ఊడదీసి, కొత్తదానికి ప్రాసెసర్, ఫ్యాను, మెమరీ అమర్చి హాల్లో మూలనున్న కంప్యూటర్ బల్ల మీద పెట్టింది. ఇక పెట్టెలో దించి స్క్రూలు బిగించడమే మిగిలింది. అంతలో స్రవంతి అన్నానికి లేవమంది. లేవకపోతే ఊరుకోరు. కూరలు నాలుగు రకాలు చేశారు, పైగా భానుప్రకాష్ స్నేహితులు ఇద్దరు కూడా వచ్చి ఉన్నారు. తింటున్నంతసేపూ వాళ్ళు ఆవిడని ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు, ఆవిడ చెబుతూనే ఉంది. ఒకతను ఎదురుగానే అనేశాడు, అక్క చూస్తే చాలు జబ్బు చెప్పేస్తది అని. అది విని ఆవిడకి బాగా సంతోషం వేసింది. వెయ్యదు మరి?

వీళ్ళు తింటుండగా రాజేశ్వరమ్మ పూజ గదిలోంచి పసుపు కుంకుమ తెచ్చింది. హనుమకొండలో వాళ్ళకి పిండిగిర్ని ఉండేది. భర్త పోయేదాకా ముప్పయ్యేళ్ళు ప్రతి దసరాకీ గిర్ని మోటారుకి ఆవిడే బొట్టు పెట్టింది, ఆ మోటారు ఒక్కనాడూ కాలలేదు. ఇప్పుడు కొత్త బోర్డు ఇంటికొచ్చింది, దసరా వారం కూడాను. తడివేలితో బోర్డు మూలన పసుపు రాసి, ఆ పసుపు మధ్యలో కుంకుమ అద్దింది. కాస్త కుంకుమ అటూ ఇటూ రాలింది. చెయ్యి కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి అందరికీ పెరుగు వడ్డించింది.

భోజనాలయ్యాక కృష్ణకుమారి బొట్టు చూసింది, చిన్నగా నవ్వుకుంది, బోర్డు పెట్టెలో దించి గబగబా ఎనిమిది స్క్రూలూ బిగించింది. తీగలన్నీ పెట్టింది. భానుప్రకాష్ బటన్ నొక్కాడు. ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అంతే. బీప్ లేదు, స్క్రీన్ మీద వెలుగు లేదు. అతను టార్చ్ పట్టుకుని లోపలికి తొంగిచూస్తే బోర్డు మూల ఎర్రగా కనబడింది. మెమరీ పక్కన కూడా ఎర్రగా పొడి.

"చెప్పిన్నా లేదా అమ్మా? ఏదీ ముట్టొద్దని చెప్పిన్నా లేదా?" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు, స్నేహితులు ఉన్నారు కాబట్టి. ఆ నెమ్మది ఇంకా ఘోరంగా వినపడింది. రాజేశ్వరమ్మ వంటగది గుమ్మంలో నిలబడిపోయింది.

భానుప్రకాష్ ఇటు తిరిగి, ఆ తడి వల్లే కదా అక్కా అని అడిగాడు. నలుగురూ చేతులు కట్టుకుని ఆవిడ ముఖంలోకే చూస్తున్నారు. కృష్ణకుమారికి అప్పటికి ఏమీ తెలియదు. పవర్ సప్లై చూడలేదు, మెమరీ మార్చి చూడలేదు. అయినా తెలియదు అన్న మాట నోటికి రాలేదు.

"అయ్యుండొచ్చు," అంది.

ఆ మాట చాలు వాళ్ళకి. బోర్డు కాలిపోయిందని తేల్చేశారు. ఆవిడ స్పిరిట్‌తో, టూత్‌బ్రష్‌తో మరక తుడిచి చూసింది, ఫలితం లేదు. పెట్టె ఇంటికి పట్టుకెళ్ళి తీరిగ్గా చూస్తానని చెప్పింది. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి డబ్బా చేతిలో పెట్టింది స్రవంతే. రాజేశ్వరమ్మ బయటికి రాలేదు. చిట్టాలో కంప్యూటర్ కూడా చేరిందని తరవాత ఫోన్లో స్రవంతి నవ్వుతూ చెప్పింది, ఇక మీదట అత్తయ్య అటువైపే వెళ్ళరట అని.

సోమవారం, మంగళవారం కృష్ణకుమారి ఆ పెట్టె జోలికి పోలేదు. కాలిన బోర్డు మీద కష్టపడి ఏం లాభమనుకుంది. బుధవారం పొద్దున ఇల్లంతా సర్దడం అయ్యాక నేల మీద దుప్పటి పరచి మొదలుపెట్టింది. ఈసారి చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ లేకపోతే ఆవిడ చాలా మంచి పనిమంతురాలు. ముందు పవర్ సప్లై వేరే చేసి, మీటరు పెట్టి చూసింది. బాగానే ఉంది. డిస్కు తీగలు, సీడీ తీగలు అన్నీ పీకేసింది. మెమరీ రెండు ముక్కల్లో ఒకటి తీసి నొక్కింది. ఒక చుట్టు తిరిగి ఆగింది. రెండోది పెట్టి నొక్కింది, అదే వరస. అప్పుడు బోర్డు మొత్తాన్ని పెట్టెలోంచి బయటికి తీసి, బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, పవర్ తగిలించి, స్విచ్ తీగ తగిలే రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొనతో తాకించింది.

ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఒక బీప్ వినపడి, స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

ఆవిడ సంతోషించలేదు. బయట నడిచి లోపల నడవకపోతే దానికి అర్థం ఒక్కటే, రాజమండ్రిలో పని నేర్చుకునే మొదటి వారంలోనే చెప్పే పాఠం అది. పెట్టె రేకు మీద బోర్డు ఆనకుండా దానికింద చిన్న చిన్న ఇత్తడి కాళ్ళు ఉంటాయి, ఒక్కో కాలి మీదా బోర్డు రంధ్రం సరిగ్గా కూచోవాలి. బోర్డు మార్చేటప్పుడు ముందు కాళ్ళు లెక్కపెట్టు, తరవాత రంధ్రాలు లెక్కపెట్టు అని రాజారావు ఎన్నిసార్లు అరిచాడో. టార్చ్ వేసి లెక్కపెట్టింది. కాళ్ళు తొమ్మిది. కొత్త బోర్డుకి రంధ్రాలు ఎనిమిది. తొమ్మిదో కాలు బోర్డు అడుగున టంకం పెట్టిన చోట గుచ్చుకుంటోంది. కరెంటు పోయేదారి తప్పిందని పవర్ సప్లై తనంతట తానే ఆగిపోతోంది. బోర్డు తిప్పి చూస్తే అక్కడ సన్నటి గీత కూడా పడి ఉంది.

కుంకుమకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పొగడ్తలు వింటూ భోంచేసి, లెక్కపెట్టకుండా బిగించింది తనే.

ఆవిడ ఆ కాలు విప్పి తీసి పక్కన పెట్టి, బోర్డు మళ్ళీ బిగించింది. ఆన్ అయింది. ఆ తరవాత ఇంకో తలనొప్పి మొదలైంది. విండోస్ సగం దాకా వచ్చి, నీలం తెర ఒక్క క్షణం కనపడి, మళ్ళీ మొదటికి పోతోంది. ఇందులో వింతేమీ లేదు, డిస్కు మీద ఉన్నవన్నీ పాత బోర్డుకి అలవాటుపడినవి. కొత్త బోర్డుని గుర్తుపట్టక ఎదురు తిరుగుతున్నాయి. చాలామంది ఇక్కడే డిస్కు మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కిస్తారు, ఫొటోలూ కాగితాలూ అన్నీ పోతాయి. ఆవిడ విండోస్ సీడీ పెట్టి, మొదటి తెరలో రిపేర్ అన్నదాన్ని వదిలేసి, ముందుకు వెళ్ళి రెండోసారి కనపడే రిపేర్‌ని ఎంచుకుంది. గంటకి పైగా పట్టింది. బోర్డు మారింది కాబట్టి విండోస్ మళ్ళీ అనుమతి అడిగితే ఆ కంపెనీకి ఫోన్ చేసి, యాభై అంకెలు ఓపిగ్గా చదివి వినిపించింది. సాయంత్రానికి వరంగల్ పేపరు కూడా తెరుచుకుంది.

అప్పుడే భానుప్రకాష్‌కి ఫోన్ చేసి చెప్పొచ్చు. తప్పు నాది, ఆంటీది కాదు అనడానికి అర నిమిషం పట్టదు. ఆవిడ చెయ్యలేదు. గురువారం చెయ్యలేదు, శుక్రవారమూ చెయ్యలేదు. ఆదివారం పెట్టె తీసుకెళ్ళి ఇచ్చినప్పుడు చెబుదామనుకుంది. శనివారం భర్తతో సంగతంతా చెప్పింది. ఆంజనేయప్రసాద్ చెడ్డవాడు కాదు, గొడవలంటే గిట్టని మనిషి.

"చెప్పడం దేనికి? బోర్డు బతికింది, వాళ్ళకి కావాల్సింది అదే కదా," అన్నాడు. "చెబితే రేపు ఇంకో ఇంట్లో పిలవాలన్నా జంకుతారు. నీకు ఉన్నది ఆ ఒక్కటే కదా."

ఉన్నది ఆ ఒక్కటే అన్నమాట నిజమే. వీసా కాగితం మీద ఆవిడ ఒకరి భార్య, అంతే. రాజమండ్రిలో ఆరేళ్ళ పని ఆ ఊళ్ళో ఎవరికైనా తెలుస్తోందంటే ఆ ఫోన్ల వల్లే. ఆ రాత్రి వంట చేస్తూ రెండుసార్లు ఉప్పు వేసింది.

ఆదివారం పొద్దున ఇద్దరూ పెట్టె కార్లో పెట్టుకుని వెళ్ళారు. టేబుల్ మీద పెట్టి ఆన్ చెయ్యగానే భానుప్రకాష్ ముఖం వెలిగిపోయింది. కాలిన బోర్డుని కూడా బతికించావు అక్కా అన్నాడు. రాజేశ్వరమ్మ సోఫా చివర ముడుచుకుని కూచుంది. వారం కిందట చూసిన మనిషిలా లేదు. చేతులు రెండూ కొంగులో పెట్టుకుని ఉంది. అది చూశాక కృష్ణకుమారి ఇంకేమీ ఆలోచించలేదు. బోర్డు కాలలేదని, కుంకుమ వల్ల ఏమీ కాలేదని, ఇత్తడి కాలు తీయడం తను మరిచిపోయానని చెప్పింది.

ఎవరూ నమ్మలేదు.

భానుప్రకాష్ నవ్వి, ఆవిడది మంచి మనసన్నాడు. అమ్మ బాధపడుతోందని అలా అంటున్నావు, మాకు తెలియదా అన్నాడు. స్రవంతి కూడా తల ఊపి, మీరు భలేవారండీ అంటూ కాఫీ కలపడానికి లేచింది. కృష్ణకుమారి మళ్ళీ చెప్పింది. ఎంత చెబితే వాళ్ళ కంటికి అంత మంచిదైపోతోంది. చివరికి రాజేశ్వరమ్మే నోరు తెరిచింది.

"నా కోసం అబద్ధం జెప్పకు బిడ్డా. అయిందేదో అయింది."

కృష్ణకుమారికి కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పడం కష్టం, చాలావరకు తన మీదే. పవర్ తీగ పీకి, పక్క రేకు విప్పి, ఎనిమిది స్క్రూలూ తీసి బోర్డు పైకెత్తింది. స్క్రూల డబ్బాలోంచి ఇత్తడి కాలు తీసి దాని చోట బిగించడం మొదలుపెట్టింది. ఆమె ఏం చేస్తోందో భానుప్రకాష్‌కి అప్పుడు అర్థమైంది.

"వద్దక్కా, ఇప్పుడు మంచిగనే ఉంది గదా. మళ్ళ పోతే?"

"పోతే నా వల్లే పోయిందని అప్పుడైనా నమ్ముతారు," అంది కృష్ణకుమారి.

ఆవిడ బోర్డు దించి, బిగించి, రాజేశ్వరమ్మని పిలిచి బటన్ నొక్కమంది. ఆవిడ కొడుకు వైపు చూసింది. కొంగులోంచి చెయ్యి తియ్యడానికే చాలాసేపు పట్టింది. నొక్కింది. ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. కృష్ణకుమారి మళ్ళీ అన్నీ విప్పి, బోర్డు కింద ఆ కాలు ఎక్కడ గుచ్చుకుంటోందో ఆవిడ వేలు పట్టుకుని తాకించింది. గీత చూపించింది. ఇత్తడి కాలు తీసేసి, మళ్ళీ బిగించి, ఇప్పుడు నొక్కండి ఆంటీ అంది. నొక్కగానే ఫ్యాను తిరిగింది, బీప్ వినపడింది, స్క్రీన్ వెలిగింది.

భానుప్రకాష్ ముందుకు వంగి ఆ కాలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. షార్ట్ అవుతుందన్నమాట, భలే ఉంది, ఆఫీసులో చెబితే నమ్మరు అన్నాడు. పవర్ సప్లైకి ఎలా తెలుస్తుందని ఆంజనేయప్రసాద్‌ని అడిగాడు. వాళ్ళిద్దరూ ఆ మాటల్లో పడ్డారు. తల్లి వైపు అతను తిరగలేదు. తిరగాలని అతనికి తోచలేదు కూడా.

రాజేశ్వరమ్మ ఇంకా బటన్ దగ్గరే నిలబడి ఉంది.

"ఆ దినం అయ్యుండొచ్చు అన్నవ్ నువ్వు," అంది, కృష్ణకుమారికి ఒక్కదానికే వినపడేలా. "నా కొడుకంటే ఎప్పుడూ తిడ్తనే ఉంటడు, వానికేం తెలుసు అనుకున్న. నీకు తెలుస్తది గద. నువ్వు అన్నంక, నా చేతులల్లనే ఏదో ఉన్నదనుకున్న బిడ్డా. ఎనిమిది దినాలాయె, కూరగాయ గూడ కోస్తలేను."

కృష్ణకుమారి చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

"నాకు తెలియదండీ అప్పటికి. తెలియదని చెప్పాల్సింది," అంది.

పర్వాలేదు అని రాజేశ్వరమ్మ అనలేదు. కుర్చీ లాక్కుని, కొడుకుని అడక్కుండానే మౌస్ మీద చెయ్యి పెట్టింది. వరంగల్ పేపరు తెరవడానికి ఆవిడకి నాలుగు ప్రయత్నాలు పట్టాయి, ఎవరూ సాయం చెయ్యలేదు. తెరుచుకున్నాక చావుల పేజీ మొదట చదివింది.

ఆ తరవాత మోరిస్‌విల్‌లో ఎవరింటికి వెళ్ళినా, పెట్టె విప్పకముందు ఏమైందని అడిగితే కృష్ణకుమారి తెలియదు అనేది. చూస్తేగాని చెప్పలేను అనేది. చుట్టూ నిలబడ్డవాళ్ళకి అది నచ్చేది కాదు. కాసేపు చూసి, సోఫాలోకి వెళ్ళి కూచునేవారు. మునుపటి పదును లేదని ఒకరిద్దరు అనుకున్నారు, క్రిస్మస్ నాటికి ఫోన్లు సగానికి సగం పడిపోయాయి. ఆవిడకి బాధగానే ఉండేది. అయినా ఆ మాట మార్చలేదు.